అంకె లేని బోర్డులు

మరిపెడ బంగ్లా అనే ఊళ్లో ఒక గేటు మీద సుద్దముక్కతో రాసి ఉండేది: “ఇల్లు కిరాయికి ఇవ్వబడును. ఫ్యామిలీకి మాత్రమే.” కింద ఫోన్ నంబరు. అందులో ఒక అంకె వానకు చెరిగిపోతే బొగ్గుతో దిద్దారు. హన్మకొండ కిషన్‌పురలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ప్రహరీకి ఇనుప తీగతో కట్టిన రేకు బోర్డు: “టు-లెట్. 2 బీహెచ్‌కే. ఫోర్త్ ఫ్లోర్. లిఫ్ట్, కార్ పార్కింగ్. ఓన్లీ ఫ్యామిలీస్.” దానికీ కింద ఫోన్ నంబరు. మూడేళ్లు మొదటి బోర్డు వెనకాల, ఆ తర్వాత రెండో బోర్డు వెనకాల కాపురం చేశాను. అందుకే ఈ రెండింటినీ రెండు పద్యాలను పక్కపక్కన పెట్టుకున్నట్టు పెట్టుకుని చదవాలనిపించింది.

ముందు క్రియ చూద్దాం. ‘ఇవ్వబడును’ అని బంగ్లాలో నోటితో ఎవరూ అనరు. ‘కిరాయికి ఇస్తం’ అంటారు. గేటు మీదికి ఎక్కేసరికి ఎక్కడినుంచో ఆ ‘బడు’ వచ్చి అంటుకుంటుంది. ఇచ్చేది ఎవరో చెప్పదు. ఇల్లు దానంతట అదే ఇవ్వబడుతుంది. కర్త వాక్యంలో కనపడడు గానీ, గేటు తీసి లోపలికి అడుగుపెట్టామా, ఇక ప్రతిచోటా ఆయనే. మోటారు స్విచ్ దగ్గర, దండెం దగ్గర, మన ఇంటికొచ్చిన చుట్టాన్ని “ఎవరు వీళ్లు?” అని అడిగే దగ్గర.

కిషన్‌పుర బోర్డులో అసలు క్రియే లేదు. అన్నీ నామవాచకాలు, అవీ తెలుగు లిపిలో నిలబడ్డ ఇంగ్లిషు నామవాచకాలు. అక్కడ కర్త వాక్యంలోనూ లేడు, భవనంలోనూ లేడు. ఆ ఫ్లాటు ఓనరును నేను ఇప్పటిదాకా ఫోన్ తెరమీదే చూశాను. ఆ రకంగా రెండో బోర్డు మొదటిదానికంటే నిజాయితీ గలదనే చెప్పాలి.

ఇక రెండింటిలోనూ ఉన్న మాట ఒకటుంది, రెండింటిలోనూ లేని మాట ఒకటుంది. ఉన్నది ‘ఫ్యామిలీ’. లేనిది కిరాయి ఎంత అన్న అంకె.

‘ఫ్యామిలీ’ సంగతి తొందరగా తేల్చేస్తాను. అది మన పట్టణాల్లో కుటుంబం అన్న అర్థంలో వాడే మాట కాదు, ‘పెళ్లికాని మగపిల్లలు వద్దు’ అనడానికి మర్యాద రూపం. తొంభైల మొదట్లో వచ్చిన ‘చిత్రం భళారే విచిత్రం’ సినిమాలో ఇల్లు దొరకడం కోసం నరేష్ ఆడవేషం కట్టాడు. హాల్లో జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వులో సగం, అప్పుడు కిరాయి గదుల్లో ఉన్న కుర్రాళ్లదే అయి ఉంటుంది. ముప్ఫై ఏళ్లు దాటాయి, బోర్డు మారలేదు. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల గతి అయితే మగపిల్లలకన్నా అన్యాయం. ఆమె ఫ్యామిలీ కాదు, బ్యాచిలరూ కాదు, ఏ బోర్డులోనూ ఆమెకు మాటే లేదు.

అంకె సంగతి మాత్రం అంత తొందరగా తేలేది కాదు.

కూరగాయల బండి మీద ధర చెబుతారు. బస్సు టికెట్టు మీద ధర ఉంటుంది. ఇంటి బోర్డు మీద ఎందుకుండదు? ‘మాట్లాడుకుంటే తగ్గుతుంది కదా’ అంటారు. నాకు అర్థమైంది వేరు. వచ్చిన మనిషిని చూడకుండా వాళ్లు ధర కట్టలేరు. ఇంటికి కిరాయి అంటాం గానీ, కట్టేది మనిషికి వెల.

బంగ్లాలో ఆ వెల ఎలా కడతారో చెబుతాను. గేటు తీసుకుని వెళ్లేసరికి గచ్చు మీద మిర్చి పోసి ఉంది. ఇంటామె పీట మీద కూర్చుని తొడిమెలు తీస్తోంది. మా ఆవిడ తుమ్మింది. ఆమె తలెత్తలేదు.

“కిరాయికా?”

“అవును పెద్దమ్మా.”

“ఎంతమందుంటరు?”

“ముగ్గురం. మేమిద్దరం, పాప.”

“నౌకరేంది?”

“బడిలో సారును.”

అప్పుడు తలెత్తింది. “ఏ ఊరోళ్లు సారూ మీరు?”

చెప్పాను.

“ఆ ఊర్ల ఎవరోళ్లు?”

నాలుగు ప్రశ్నలు తిరిగి ఐదో ప్రశ్నకు కులం దగ్గరికి చేరాం. ఇంటిపేరు చెప్పాను. ఆమె కాసేపు మిర్చి ఏరడం ఆపి, వాళ్ల తోటికోడలి అన్న బిడ్డను మా పక్కూరికిచ్చిన లెక్క తీసింది. ఆ లెక్క తేలాక అసలు లెక్క వచ్చింది. “ఐదువేలు చెప్తున్నం గని, మీరు మనోళ్ల లెక్కనే ఉన్నరు. నాలుగున్నర ఇయ్యున్రి. ముంగటి అర్ర మాత్రం పత్తి ఏరేటప్పుడు మాకు గావాలె. రెండునెల్లే.”

ఆ ఐదు వందలు తగ్గినందుకు ఆ రోజు నేను సంతోషించిన మాట నిజం. నెల తిరక్కుండానే నా తోటి ఉపాధ్యాయుడు, తండా నుంచి వచ్చినవాడు, అదే వీధిలో ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. మూడు గేట్లు “నిన్ననే అయిపోయింది సారూ” అన్నాయి. మరునాడు బడికి పోతూ చూస్తే ఆ మూడు గేట్ల మీదా సుద్ద అక్షరాలు అట్లాగే ఉన్నాయి. చుట్టూతా తండాలున్న మండలం మరిపెడ. పొద్దున లేస్తే బజారు నడిచేది ఆ తండాల జనంతో. బజారులో వాళ్ల డబ్బుకు లేని ‘ఎవరోళ్లు?’ అన్న ప్రశ్న, గేటు దగ్గర వస్తుంది. నాకు తగ్గించిన ఐదు వందలు ఎవరి దగ్గర వసూలవుతున్నాయో ఆ రోజు తెలిసింది. అంకె బోర్డు మీద ఉండి ఉంటే నాకు తగ్గించడమూ కుదరదు, అతనికి ‘అయిపోయింది’ అనడానికీ ఇంకో కారణం వెతుక్కోవాలి.

పత్తి మాట చెప్పాలి. కార్తీకం దాటాక ముందరి గదిలో మా మంచం తీసి పత్తి పోశారు. కిటికీ ఎత్తుకు వచ్చింది. పాపకు పండగ. గుమ్మంలో నిలబడి అందులోకి దూకేది. ఎర్ర పురుగులు గోడలెక్కేవి. ‘ధర వస్తే అమ్ముతం’ అన్నారు. ధర రాలేదు, రెండు నెలలు నాలుగయ్యాయి. రెండు గదుల పోర్షన్‌కు నాలుగున్నర వేలిచ్చి, ఏడాదిలో మూడో వంతు ఒక గదిలో కాపురం చేశాం. ఆ గదికి పత్తి మాకు కిరాయి ఇవ్వాలి నిజానికి! అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పాపకు రాత్రి జ్వరం వస్తే ఆటో పిలిపించింది ఆ పెద్దమ్మే, మేం ఇద్దరం ఇంట్లో లేని రోజుల్లో పాపకు అన్నం పెట్టిందీ ఆమే. ఆ సాయానికి కిరాయిలో వెల లేదు, ఆ కాపలాకూ లేదు. రెండూ ఒక చేత్తోనే వచ్చేవి. ఒకటి వద్దని ఇంకోటి తీసుకునే వీలు లేదు.

ఈ పోర్షన్ అనే మాటలోనే విషయం ఉంది. పోర్షన్ అంటే వాటా, ముక్క. బంగ్లాలో కిరాయికి కట్టిన ఇల్లు తక్కువ. కొడుకు పట్నం పోతే మిగిలిన గదులు, బిడ్డ పెళ్లికని వేసిన రేకులు, దారిపక్క షట్టర్ల వెనక మిగిలిన జాగా ఇవే కిరాయికి వచ్చేవి. పేరుకు బంగ్లా, దొరికేది ముక్క. 2011 జనాభా లెక్కల్లో దేశంలో గ్రామాల కుటుంబాల్లో నూటికి మూడున్నరకు లోపే కిరాయి ఇళ్లలో ఉంటే, పట్టణాల్లో ఇరవై ఏడున్నర దాకా ఉన్నారు. మరిపెడ ఈ రెండు అంకెల మధ్య నిలబడ్డ ఊరు. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్లింది, 2018లో మున్సిపాలిటీ అయింది. వరంగల్–ఖమ్మం హైవే మధ్యలోంచి పోతుంది. కాగితం మీద పట్టణమే గానీ, కిరాయి విషయంలో ఇప్పటికీ పల్లె.

హన్మకొండకు వద్దాం. ఇక్కడ ఇళ్లు కిరాయికనే కట్టారు. అయినా మామూలు జీతగాడికి అందవు. కారణం వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు, నయీంనగర్ నుంచి కిషన్‌పుర దాకా ఒక సాయంత్రం నడిస్తే చాలు. ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లోనే వచ్చాయి. మొదటిది 2002లో ఎన్ఐటీ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం. వాటి చుట్టూ ఇంటర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు. ఆ వీధుల్లో ఇల్లు కొలిచే కొలత గది కాదు, మంచం. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఎనిమిది మంచాలు పడితే ఎనిమిది కిరాయిలు వస్తాయి. మనం ముగ్గురం పోయి ఒక్క కిరాయి ఇస్తామంటే ఓనరు మొహంలో ఉత్సాహం ఎందుకుంటుంది? ‘ఓన్లీ ఫ్యామిలీస్’ అన్న బోర్డు అక్కడ కనపడిందంటే ఆ భవనంలో హాస్టలు పెట్టనివ్వని అసోసియేషను ఉందని అర్థం.

మా ఫ్లాటు చూపించింది వాచ్‌మన్. తలుపు తీసి, లైటు వేసి, జేబులోంచి ఫోన్ తీసి వీడియో కాల్ కలిపాడు. అటు అమెరికాలో అర్ధరాత్రి. సగం మొహం మీద లాప్‌టాప్ వెలుగు పడుతున్న ఒక అబ్బాయి, నా వయసులో సగం ఉంటాడేమో, “నమస్తే అంకుల్” అన్నాడు. ఎక్కడ పనిచేస్తారు, జీతం ఎంత, కారుందా, అమ్మానాన్న కూడా ఉంటారా. చాలా మర్యాదగా అడిగాడు. చివర్న, “సర్‌నేమ్ ఏంటి అంకుల్? అగ్రిమెంట్ కోసం.” ఆ అగ్రిమెంటు ఇప్పటిదాకా రాలేదు. పెద్దమ్మ మిర్చి తొడిమెలు తీస్తూ ఐదు ప్రశ్నల్లో అడిగింది, ఈ అబ్బాయి అదే ప్రశ్నకు ఇంగ్లిషు చొక్కా తొడిగి ఒక్కదాంట్లో అడిగాడు. తేడా ఏమంటే, పెద్దమ్మ జవాబు విని ఐదు వందలు తగ్గించింది, ఇతను ఏమీ తగ్గించలేదు. కిరాయి 11,000. మెయింటెనెన్స్ 1,500. అడ్వాన్సు రెండు నెలలది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఒక నెలది పట్టుకుంటారు. బ్రోకరుకు సగం నెల. ఈ ఐదు అంకెల్లో ఒక్కటీ రేకు బోర్డు మీద లేదు. కార్ పార్కింగ్ మాత్రం ఉంది, నాకు కారు లేదు.

ఇంట్లో మాత్రం హాయి. ఎవరొచ్చారు, ఎప్పుడు పడుకున్నాం, ఏం వండుకున్నాం అని అడిగేవాడు లేడు. బాత్రూము పైకప్పు కారడం మొదలైనప్పుడు కూడా అడిగేవాడు లేడు. మనకు పగలైతే ఆయనకు రాత్రి. ఆయనకు పగలైతే ఆఫీసు. “చూస్తాను అంకుల్” అన్న మెసేజీలు మూడు వారాలు వచ్చాయి. కింద బకెట్ పెట్టుకున్నాం. బంగ్లాలో ఇదే జరిగితే పెద్దమ్మ ఆ పూటే మేస్త్రీని పిలిచి, ‘నీ సిమెంటు గిట్లనేనా’ అని తిట్టి, మధ్యలో మా ఆవిడను ‘నీళ్లు ఎక్కువ పోత్తరు మీరు’ అని కూడా తిట్టి, పని చేయించేది.

ఇంతదాకా రెండిళ్ల తూకం. ఈ తూకంలో సర్కారు వేసిన రాళ్లు కొన్ని ఉన్నాయి. కిరాయి అంకె ఓనర్లు రాయకపోయినా, సర్కారు మూడు చోట్ల రాసింది.

మొదటిది ఇంటి అద్దె భత్యం. గత వేతన సవరణలో తెలంగాణ ఉద్యోగులకు దీన్ని నాలుగు మెట్లుగా పెట్టారు: హైదరాబాదుకు 24 శాతం, ఆ తర్వాత 17, 13, 11. వరంగల్, హన్మకొండ 17లోకి వస్తాయి. మరిపెడలాంటి చిన్న ఊళ్లు 11లోకి. కొత్తగా చేరిన స్కూల్ అసిస్టెంటు మూలవేతనం 42,300. దాని మీద 11 శాతం 4,653 రూపాయలు. నేను పెద్దమ్మకు ఇచ్చింది 4,500. అంటే బంగ్లాలో ఉన్నన్నాళ్లు సర్కారు లెక్కా, పెద్దమ్మ లెక్కా దాదాపు సరిపోయాయి. ఎవరో కూర్చుని ఆలోచించి వేసిన అంకెలా అనిపిస్తుంది. కానీ ఈ భత్యం పనిచేసే ఊరిని బట్టి ఇచ్చేది, కాపురం ఉండే ఊరిని బట్టి కాదు. పాప చదువుకని హన్మకొండకు మారాక కూడా నాకు వచ్చేది 11 శాతమే. అక్కడే పనిచేసే మా బావమరిదికి అదే మూలవేతనం మీద 7,191.

అట్లా మారింది నేనొక్కణ్నేనా? పొద్దున ఆరున్నరకు హన్మకొండ బస్టాండులో ఖమ్మం బస్సు ఎక్కి చూడండి. టిఫిన్ డబ్బాలు, చేతిసంచులు, హాజరు రిజిస్టరు గురించిన మాటలు. వర్ధన్నపేటలో కొందరు, రాయపర్తిలో కొందరు, తొర్రూరులో కొందరు దిగిపోతారు, బంగ్లా వచ్చేసరికి మిగిలినవాళ్లు. అవతలివైపు ఖమ్మం నుంచి ఇంకో బస్సు ఇదే సరుకుతో వస్తుంది. దీన్ని మావాళ్లు ‘అప్ అండ్ డౌన్’ అంటారు. ‘ఎక్కడుంటున్నవ్?’ అంటే ‘అప్ అండ్ డౌనే’ అని జవాబు, అదే ఊరి పేరైనట్టు! 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. అంతకుముందు బస్సు చార్జీలు లెక్కేసుకుని బంగ్లాలోనే గది తీసుకున్న టీచరమ్మలకు ఆ లెక్క మారిపోయింది. బంగ్లా కిరాయి మిగిలింది, బస్సు ఖర్చూ లేదు. పోయేదల్లా రోజుకు నాలుగు గంటలు, అది ఏ పట్టికలోనూ రాయరు. ఆ పథకాన్ని నేను తప్పుపట్టడం లేదు. నా లెక్కలో నేను మగవాణ్ని కాబట్టి టికెట్టు కొంటున్నాను, ఆ కడుపుమంట కూడా కాదు. కిరాయి ఇల్లు సరిగ్గా దొరకని ఊరికి ఉచిత బస్సు తోడైతే, ఆ ఊళ్లో పనిచేసేవాళ్లు ఆ ఊళ్లో ఉండరు. సాయంత్రం ఐదు దాటితే బంగ్లాలో సారు లేడు.

అన్నట్టు, ఆ బస్సు ఆగిపోయిన రోజులు కూడా ఉన్నాయి. 2024 సెప్టెంబరు ఒకటిన ఆకేరు వాగు పొంగి పురుషోత్తమాయగూడెం దగ్గర హైవే తెగిపోయింది. వరంగల్‌కూ ఖమ్మానికీ రాకపోకలు లేవు. వాగు పక్కన సీతారాం తండా మునిగింది. ఆ వారం బంగ్లాలో బడి నడిపింది ఊళ్లో కిరాయికున్న ఇద్దరు ముగ్గురు. హన్మకొండలో ఉన్న మేం ఫోన్లో క్షేమసమాచారాలు కనుక్కున్నాం. హన్మకొండకు తన వరద తనకుంది, 2023 జూలైలో నయీంనగర్ నాలా వీధుల్లోకి వచ్చింది. అందుకే ఆ చుట్టుపక్కల కింది అంతస్తులో ఇల్లు చవకగా దొరికితే సంబరపడకుండా, స్విచ్‌బోర్డు కింద గోడ చూడండి. కొత్త సున్నం వెనక నీళ్ల గీత కనపడుతుంది. రెండు ఊళ్లలోనూ చవక ఇల్లు నీళ్ల పక్కనే ఉంటుంది.

సర్కారు రాసిన రెండో అంకె చట్టంలో ఉంది. 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన అద్దె నియంత్రణ చట్టమే మనకూ వారసత్వంగా వచ్చింది. న్యాయమైన కిరాయి ఎంతో తేల్చమని కంట్రోలరు దగ్గరికి వెళ్లొచ్చు, కారణం లేకుండా ఖాళీ చేయించడానికి వీల్లేదు. చదివితే కడుపు నిండుతుంది. అయితే 2005లో దానికి ఒక సవరణ తెచ్చి, కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలను చట్టం బయటికి నెట్టారు. బంగ్లాలో నా నాలుగున్నర వేల ముక్క ఇల్లు కూడా, పత్తి నాలుగు నెలలతో సహా, చట్టం లెక్కలో ఖరీదైన భవనం. మొత్తం ఈ వ్యవహారంలో కిరాయి అంకెను ధైర్యంగా రాసిపెట్టింది ఒక్క చట్టమే, అది కూడా ఎవరికీ అందని అంకె.

చట్టం బయట పడ్డవాడికి మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. రాతకోతలు లేని నెలవారీ కిరాయిని పదిహేను రోజుల నోటీసుతో ముగించొచ్చంటుంది అది. బంగ్లాలో ఆ నోటీసు కూడా ఉండదు, “పిల్లగాడు పట్నం నుంచి వస్తున్నడు సారూ” అన్నదే నోటీసు. హన్మకొండలో అగ్రిమెంటు రాస్తే పదకొండు నెలలకే రాస్తారు. రిజిస్ట్రేషను తప్పుతుందన్న లెక్కతో. మనిషి జీవితాన్ని పదకొండు నెలల ముక్కలుగా కోసింది ఈ రిజిస్ట్రేషను ఖర్చే.

మూడో అంకె 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉంది. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదు, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. మంచి మాటలే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే చెల్లుతాయి. మన సర్కార్లకు, ఏ పార్టీదైనా, ఇల్లంటే సొంతిల్లే. నిన్న డబుల్ బెడ్‌రూము, ఇవాళ ఇందిరమ్మ ఇల్లు. సొంతిల్లు లేనివాడు రేపు సొంతిల్లు కట్టుకోబోయేవాడు మాత్రమే, ఇవాళ ఎక్కడ పడుకున్నాడన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత ఉంది. కిరాయికి వెతికి చూడు అని ఎవరూ అనలేదు, అదేదో చేతకానివాళ్ల పని అన్నట్టు. ఒక్క మంచి మాట చెప్పుకోవాలంటే, 2024లో మొదలైన 200 యూనిట్ల ఉచిత కరెంటులో కిరాయిదార్లను కూడా కలిపారు. అప్పటినుంచి ఇల్లు చూడబోయినవాళ్ల మొదటి ప్రశ్న ‘మీటరు సపరేటేనా?’ అయింది. బంగ్లాలో రెండు పోర్షన్లకు ఒకే మీటరున్న ఇళ్లలో ఎవరి ఫ్యాను ఎంతసేపు తిరిగిందన్న తగాదా వస్తుంది.

అమెరికాలో ఉన్న మా ఓనరు అబ్బాయి తను కూడా కిరాయికే ఉంటున్నాడట. అక్కడ అపార్ట్‌మెంటు కంపెనీలు కిరాయి అంకె ముందే బయటపెడతాయి, జాతి, మతం చూసి ఇల్లు కాదనడం 1968 నుంచీ చట్టవిరుద్ధం. కానీ జీతం కిరాయికి మూడింతలుండాలి, క్రెడిట్ స్కోరుండాలి, దరఖాస్తు పెట్టుకోవడానికే డబ్బు కట్టాలి. కొత్తగా దిగిన మన విద్యార్థికి స్కోరు ఎక్కడినుంచి వస్తుంది? వేరేవాళ్ల పేరు మీద తీసుకున్న ఇంట్లో హాల్లో పరుపేసుకుంటాడు. ‘ఎవరోళ్లు?’ అన్న ప్రశ్నకు వాళ్లు ఒక అంకె కనిపెట్టారు, అంతే.

రెండు బోర్డుల్లోనూ రాయని షరతు ఇంకొకటి ఉంది. అది ఇల్లు తీసుకునే రోజు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని లోపలికి తేనివ్వరు. ఆస్పత్రి నుంచి తెచ్చిన శవాన్ని వాకిట్లో, లేకపోతే రోడ్డు పక్క టెంటు కింద పెట్టుకున్న కుటుంబాల వార్తలు తెలుగు పేపరు చదివే ఎవరికీ కొత్త కాదు. బంగ్లాలో పెద్దమ్మను ఒకసారి మాటల్లో అడిగాను. “గట్ల మాట్లాడకు సారూ” అంది. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. అపార్ట్‌మెంటులో అయితే అంతా లిఫ్టు కొలతల మీద తేలిపోతుంది. మా అమ్మ మాతో ఉండడానికి రానన్నది ఇందుకే. “నా ఇంట్లనే ఉంట” అంటుంది, రెండు ఊళ్లకూ దూరంగా, పెంకుటింట్లో.

ఏది మంచిదంటారా? ఖర్చు ఒక్కటే చూస్తే బంగ్లా. ఏ సందేహం లేదు, ఏ మూలన చూసినా ఎనిమిది వేల తేడా. మనసుకు హాయి చూస్తే హన్మకొండ, బకెట్ పెట్టుకునే ఓపిక ఉంటే. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివాక నాకు రెండూ ఒకే కవి రాసినట్టు కనపడుతున్నాయి. ఒకటి చుట్టరికంలో, ఒకటి డాలర్లలో. రెండిట్లోనూ ఇల్లు కాదు, వచ్చిన మనిషే తూకానికెక్కుతాడు. అది తెలిసి కూడా, పాప పదో తరగతి అయిపోగానే మళ్లీ బంగ్లాకే పోవాలని ఉంది నాకు. సాయంత్రం ఐదు తర్వాత ఆ ఊళ్లో ఒక సారు ఉండాలి కదా. ఈసారి నా షరతులు నేను పెడతాను. మీటరు వేరు, గేటు వేరు, పత్తి వేరు, పదకొండు నెలలదైనా సరే కాగితం. ఆషాఢంలో వెతుకుతాను. శూన్యమాసంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి బోర్డులు ఎక్కువుంటాయి, బేరం మన చేతిలో ఉంటుంది. మాట ఖాయం చేసుకుని శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు.

గేటు మీద రాసేవాళ్లకు మాత్రం ఒక మనవి. ఫోన్ నంబరు రాసేటప్పుడు పది అంకెలు రాస్తున్నారు. కిరాయి రాయడానికి ఇంకో నాలుగు చాలు. అవి రాశాక, ముందొచ్చినవాళ్లకు ముందివ్వండి.